ఒక పుస్తకం పట్టుకుని పది మంది దగ్గరికి: అంతగా పేరు వినబడని యూరప్ రచయితలను వెతికి చదవడం ఎలా

"ఈ హంగేరీ ఆవిడ మీకెక్కడ దొరికింది?" చదివిన పుస్తకం గురించి ఎక్కడైనా నాలుగు మాటలు చెప్పానంటే చాలు, ఈ ప్రశ్న వస్తుంది. ఏదో ఒక జవాబు చెప్తాను. నెల తిరక్కుండా ఇంకొకరు అడుగుతారు. ఈసారి పద్ధతి మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

కిటుకు పెద్దదేం కాదు. "చనిపోయేలోపు చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటి జాబితాలు పక్కన పెట్టి, చేతిలో ఉన్న పుస్తకాన్నే అడగాలి. నచ్చిన పుస్తకం ఒక్కటుంటే దాని లోపలి పేజీల్లోంచే మూడు నాలుగు దారులు బయల్దేరతాయి. వాటిలో నేను ఎక్కువగా నమ్మేది అనువాదకుడి పేరు.

హంగేరీని ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. పోలిష్‌కైనా పోర్చుగీసుకైనా పద్ధతి ఇదే. చదివేది ఇంగ్లిష్ అనువాదాలనే అనుకుందాం. వీళ్లలో ఎక్కువ మంది తెలుగులోకి రాలేదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు గానీ, పేర్ల మధ్య గీతలు గీసుకోవడానికి కాగితమే హాయి.
- బుక్‌మార్క్‌గా ఒక తెల్ల అట్టముక్క. దాని మీద ఏం రాయాలో ఎనిమిదో మెట్టులో చెప్తాను.
- ఒకే భాష. కనీసం మూడు పుస్తకాలయ్యే దాకా ఇంకో భాష వైపు వెళ్లకండి.

దేశం అనకుండా భాష అన్నది కావాలనే. యూరప్‌లో దేశాన్ని పట్టుకుని వెతికితే దారి తప్పుతాం. కాఫ్కాది ప్రేగ్, రాసింది జర్మన్‌లో. తూవె యాన్సన్‌ది ఫిన్లండ్, రాసింది స్వీడిష్‌లో. అగోతా క్రిస్తోఫ్ పుట్టింది హంగేరీలో. 1956లో దేశం వదిలి స్విట్జర్లండ్ చేరి, అక్కడ నేర్చుకున్న ఫ్రెంచ్‌లో రాసింది. హంగేరియన్ అనువాదకులు ఎవరి వెనక పడ్డా ఆమె దొరకదు.

## 2. మొదటి పుస్తకం ఎంచుకోవడం

ఇక్కడ తప్పటడుగు వేస్తే చాలామంది మళ్లీ ఆ భాష జోలికే పోరు. 2025లో హంగేరీ రచయిత లాస్లో క్రస్నహోర్కయికి నోబెల్ వచ్చింది. వెంటనే కొందరు 'సాటన్‌టాంగో' కొనుక్కొచ్చారు. గొప్ప నవలే. కానీ అందులో పన్నెండు అధ్యాయాలుంటే, ఒక్కో అధ్యాయం మొత్తం ఒకే పేరా. ఆగి ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. ఈత నేర్చుకోవడానికి గోదావరి వరదలోకి దిగినట్టు ఉంటుంది.

మొదటి పుస్తకానికి ఇవి సరిచూసుకోండి:

- 300 పేజీల లోపు, లేదా ఆ చుట్టుపక్కల
- ఇల్లు, వీధి, నలుగురు మనుషుల మధ్య నడిచే కథ
- దేశ చరిత్ర తెలియకపోయినా మొదటి యాభై పేజీలు అర్థమయ్యేది
- ఆ రచయితవి ఇంగ్లిష్‌లో ఇంకో రెండు పుస్తకాలైనా ఉండాలి, లేకపోతే దారి అక్కడే ఆగిపోతుంది

హంగేరియన్‌కి నా ఓటు రెండింటికి. ఒకటి మాగ్దా సబో రాసిన 'ది డోర్'. ఒక రచయిత్రి, ఆమె ఇంట్లో పనిచేసే ఎమెరెన్స్ అనే పెద్దావిడ మధ్య కథ. ఎమెరెన్స్ వీధిలో పడ్డ మంచునంతా ఊడుస్తుంది, జబ్బు పడ్డ వాళ్లకి వండి తీసుకెళ్తుంది, తన ఇంటి గడప మాత్రం ఎవర్నీ దాటనివ్వదు. పనిమనిషికీ ఇంటావిడకీ మధ్య ఉండే ఆ చనువు, పంతం మనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

రెండోది దెజో కొస్తొలాన్యి 1924లో తెచ్చిన 'స్కైలార్క్'. చిన్న ఊళ్లో ముసలి దంపతులు. పెళ్లికాని కూతురు వారం రోజులకి బంధువుల ఇంటికి వెళ్తుంది. ఆ వారంలో వీళ్లిద్దరూ హోటల్ భోజనం చేస్తారు, నాటకానికి వెళ్తారు, సంతోషంగా ఉంటారు. సంతోషంగా ఉన్నందుకే భయపడతారు. కథంతా అంతే.

## 3. కథ కన్నా ముందు, టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి

అందరూ దాటేసే పేజీ ఇది. చిన్న అక్షరాలతో కాపీరైట్ వివరాలుంటాయి. ఐదు నిమిషాలు అక్కడ కూర్చుని ఇవి నోట్‌బుక్‌లోకి ఎక్కించండి:

- మూల భాషలో పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం
- ఇంగ్లిష్ అనువాదం వచ్చిన సంవత్సరం
- అనువాదకుడి పేరు, ఏ భాష నుంచి చేశారన్నది
- ముందుమాట రాసిందెవరు

'ది డోర్' హంగేరియన్‌లో వచ్చింది 1987లో. ఇప్పుడు ఎక్కువగా దొరికే లెన్ రిక్స్ అనువాదం 2005 నాటిది. మధ్యలో 1995లో ఇంకొకరు చేసిన అనువాదం కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఎవరి అనువాదమో చూసి తీసుకోండి.

"ఏ భాష నుంచి" అన్నది ఎందుకు చూడాలంటే, షాందోర్ మారయి నవల 'ఎంబర్స్' సంగతి చూడండి. 1942లో వచ్చిన ఈ పుస్తకం హంగేరియన్ పేరుకి అర్థం "కొవ్వొత్తులు మొదలంటా కాలిపోతాయి" అని. జర్మన్‌లో దానికి 'నిప్పుకణికలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 2001 నాటి ఇంగ్లిష్ అనువాదం ఆ జర్మన్ నుంచి చేసిందే, అందుకే 'ఎంబర్స్' అయింది. కరిగిపోతున్న కొవ్వొత్తులు కాస్తా మధ్యలో నిప్పుకణికలైపోయాయి. ఇస్మాయిల్ కదారె అల్బేనియన్‌లో రాసినవి కూడా చాలావరకు ఫ్రెంచ్ మీదుగానే ఇంగ్లిష్‌లోకి వచ్చాయి.

ఇలాంటివి చదవొద్దని కాదు, 'ఎంబర్స్' నాకు ఇష్టం. కానీ "ఈ రచయిత వాక్యం భలే ఉంటుంది" అని తీర్మానించే ముందు ఆ వాక్యం ఎన్ని చేతులు మారిందో తెలిసి ఉండాలి. మారయి మీద అభిప్రాయం ఏర్పరచుకోవాలంటే, జార్జ్ సిర్తెష్ నేరుగా హంగేరియన్ నుంచి చేసిన 'పోర్ట్రెయిట్స్ ఆఫ్ ఎ మ్యారేజ్' కూడా పక్కన పెట్టుకోండి.

## 4. అనువాదకుడి పేరు పట్టుకోండి

అసలు మెట్టు ఇదే. ఈ పద్ధతి మన ఇళ్లలో పాతదే. విశాలాంధ్రలో రష్యన్ పుస్తకాలు కొన్న తరం, రచయిత పేరు పలకడం రాకపోయినా లోపల ఉప్పల లక్ష్మణరావు పేరో, రా.రా. పేరో కనిపిస్తే ధైర్యంగా కొనేది. ఆ ధైర్యాన్నే ఇప్పుడు ఇంగ్లిష్ అనువాదాల దగ్గరికి తీసుకెళ్తున్నాం.

మంచి అనువాదకుడు ఒక పుస్తకం మీద నెలలకు నెలలు పెడతాడు. దేనికి పడితే దానికి అన్ని నెలలు పెట్టడు. అతని పుస్తకాల పట్టిక అంటే, ఆ భాష బాగా తెలిసి, రుచి తెలిసిన మనిషి మనకోసం వడకట్టి పెట్టిన పట్టిక.

చేయాల్సింది ఇలా:

1. అనువాదకుడి పేరుతో ఆన్‌లైన్ లైబ్రరీ క్యాటలాగ్‌లో గానీ పుస్తకాల షాపు సైట్‌లో గానీ వెతకండి.
2. వచ్చిన పేర్లలో మీకు తెలియని రచయితలను మాత్రమే రాసుకోండి.
3. ఒకే రచయితవి మూడు, అంతకన్నా ఎక్కువ అనువదించి ఉంటే ఆ పేరు కింద గీత గీయండి. అంత దూరం వెంటపడ్డాడంటే ఏదో ఉందన్నమాట.
4. మీ మొదటి రచయితను ఇంకెవరెవరు అనువదించారో చూడండి. రెండో దారి అక్కడ మొదలవుతుంది.

లెన్ రిక్స్‌తో చేసి చూద్దాం. మాగ్దా సబోవే 'కాతలిన్ స్ట్రీట్', 'అబిగైల్' వస్తాయి. వాటి పక్కనే అంతల్ సెర్బ్ అనే కొత్త పేరు. 'జర్నీ బై మూన్‌లైట్', 'ది పెండ్రాగన్ లెజెండ్', 'ఆలివర్ ది సెవెంత్'. మూడయ్యాయి, గీత గీయండి. 1937లో వచ్చిన 'జర్నీ బై మూన్‌లైట్'లో పెళ్లయిన కొత్తలో ఇటలీ వెళ్లిన ఒకాయన, రైలు దిగి మళ్లీ ఎక్కేటప్పుడు వేరే రైలెక్కేస్తాడు. భార్య ఒక ఊరికి, తను ఒక ఊరికి. సెర్బ్‌ని 1945 జనవరిలో ఒక బలవంతపు శ్రమ శిబిరంలో కొట్టి చంపారు.

ఇప్పుడు నాలుగో పని. సబో రాసిన 'ఇజాస్ బాలడ్'ని అనువదించింది జార్జ్ సిర్తెష్. బుడాపెస్ట్‌లో పుట్టి, 1956లో ఎనిమిదేళ్ల వయసులో శరణార్థిగా ఇంగ్లండ్ చేరిన కవి. ఆయన పట్టిక తెరిస్తే మారయి, కొస్తొలాన్యి, క్రస్నహోర్కయి ముగ్గురూ ఉంటారు. 'సాటన్‌టాంగో' ఇంగ్లిష్ చేసింది కూడా ఆయనే. అంటే పనిమనిషి కథతో మొదలుపెట్టి, రెండే పేర్లతో, ఆ భయపెట్టిన పుస్తకం దాకా వచ్చేశాం. ఈసారి ఆ పేజీలు అంత కొత్తగా అనిపించవు.

పోలిష్‌లో అయితే ఓల్గా తొకార్చుక్ దగ్గర మొదలుపెట్టండి. ఆమె 'ఫ్లైట్స్' ఇంగ్లిష్ చేసింది జెన్నిఫర్ క్రాఫ్ట్, 'డ్రైవ్ యువర్ ప్లౌ ఓవర్ ద బోన్స్ ఆఫ్ ద డెడ్' చేసింది ఆంటోనియా లాయిడ్-జోన్స్. ఈ రెండో పేరు వెంట వెళ్తే పావెల్ హుయెల్లె లాంటి వాళ్లు ఎదురవుతారు.

## 5. రచయిత మెచ్చుకున్న రచయిత

రచయితలు ఉత్తరాల్లో, వ్యాసాల్లో, ముందుమాటల్లో ఎవరి పేరు ఎత్తుతున్నారో గమనించండి. అట్ట వెనక పొగడ్తలు లెక్కలోకి రావు, అవి మొహమాటానికి రాసేవి.

జర్మన్‌లో రాసిన కవి రిల్కె ఒక యువకవికి పంపిన ఉత్తరాలు చాలామంది చదివే ఉంటారు. 1903 ఏప్రిల్‌లో రాసిన ఉత్తరంలో, తన దగ్గర ఎప్పుడూ ఉండే పుస్తకాలు రెండేనంటాడు: బైబిల్, డేనిష్ రచయిత యెన్స్ పీటర్ యాకబ్సన్ రచనలు. ఉత్తరాలు చదివి కళ్లు చెమర్చిన వాళ్లు వేలమంది. ఆ యాకబ్సన్ ఎవరా అని వెతికిన వాళ్లు ఎంతమంది? ఆయన 'నీల్స్ లూనె' 1880 నాటి నవల. దాన్నుంచి రిల్కె ఏం నేర్చుకున్నాడో పేజీ పేజీకీ తెలుస్తుంది.

భాషలోని చిన్న పాయలు కూడా పనికొస్తాయి. 2023లో నోబెల్ అందుకున్న యూన్ ఫొస్సె రాసేది నార్వేజియన్‌కున్న రెండు లిఖిత రూపాల్లో తక్కువమంది వాడే నైనోర్స్క్‌లో. "ఇందులో ఇంకెవరు రాశారు?" అని అడిగితే తార్యెయి వెసోస్ దొరుకుతాడు. ఆయన 'ది ఐస్ ప్యాలెస్' 1963లో వచ్చింది. ఇద్దరు పదకొండేళ్ల ఆడపిల్లలు, గడ్డకట్టిన ఒక జలపాతం. చిన్న పుస్తకమే, వారం రోజులు వదల్లేదు నన్ను.

## 6. ప్రచురణ సంస్థలు, బహుమతులు

దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి. పుష్కిన్ ప్రెస్, ఎన్.వై.ఆర్.బి. క్లాసిక్స్, ఆర్కిపెలాగో బుక్స్, ఫిట్జ్‌కరాల్డో ఎడిషన్స్ పేర్లు గుర్తుంచుకుంటే చాలు. కోల్‌కతాలోని సీగల్ బుక్స్ జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ అనువాదాలు ప్రత్యేక వరసలుగా వేస్తుంది. మనకు దగ్గర.

బహుమతుల విషయంలో విజేతను వదిలేసి తుది జాబితా చూడండి. గెలిచిన పుస్తకం ఎలాగూ మీ దాకా వస్తుంది. ఇంటర్నేషనల్ బుకర్ తుది జాబితాలో ఏటా ఆరు పుస్తకాలుంటాయి, డబ్బు రచయితకీ అనువాదకుడికీ సమానంగా పంచుతారు. ఆక్స్‌ఫర్డ్-వైడెన్‌ఫెల్డ్ బహుమతి మన పనికి ఇంకా సూటిగా సరిపోతుంది. అది యూరప్ భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన అనువాదాలకే ఇస్తారు. 2006లో 'ది డోర్'కి వచ్చింది.

## 7. పుస్తకం చేతికి రావడం

ఈ వరసలో వెళ్లండి, డబ్బు ఆదా అవుతుంది:

1. కిండిల్ శాంపిల్. మొదటి కొన్ని పేజీలు ఉచితం. అనువాదం గొంతు నచ్చిందో లేదో అక్కడే తేలిపోతుంది.
2. పాతవైతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, కాపీరైట్ ముగిసిన పుస్తకాలు ఉచితంగా ఇచ్చే సైట్. మోర్ యోకయి నవలలు, క్నూట్ హామ్సున్ 'హంగర్', కారెల్ చాపెక్ నాటకం 'ఆర్.యు.ఆర్.' ఉన్నాయి.
3. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అరువు తీసుకునేవి.
4. సెకండ్ హ్యాండ్. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్. పది దాటాక వెళ్తే ఎండ, జనం తప్ప ఏం మిగలదు.
5. కొత్త కాపీ కొనడం ఆఖర్న.

ఒక జాగ్రత్త. రచయిత చనిపోయి ఎనభై తొంభై ఏళ్లయింది కదా, ఉచితంగా దొరకాలి కదా అనుకుంటారు. మూలానికి హక్కు వేరు, అనువాదానికి వేరు. కొస్తొలాన్యి 1936లోనే పోయాడు. మనం చదివే ఇంగ్లిష్ 'స్కైలార్క్' మాత్రం 1990ల నాటిది, దాని హక్కు బతికే ఉంది.

## 8. పేర్లు, తారీఖులు: అట్టముక్క మీద రాయాల్సినవి

పలకడం రాని పేరు గుర్తుండదు, గుర్తులేని పేరు వెతకలేం. హంగేరియన్‌కి రెండు సూత్రాలు చాలు. ఎస్ ఒక్కటే ఉంటే "ష". ఎస్, జెడ్ కలిసొస్తే "స". అందుకే మారయి పేరు షాందోర్, మాగ్దా ఇంటిపేరు సబో. పోలిష్‌లో సరిగ్గా తలకిందులు, అక్కడ ఎస్, జెడ్ కలిస్తే "ష". నేను ఇవి అట్ట మీద రాసుకోకపోతే ఇప్పటికీ తడబడతాను.

ఇంటిపేరు సంగతి మనకి తేలిక. హంగేరీలో మన లాగే ఇంటిపేరు ముందు. అక్కడి అట్ట మీద 'సబో మాగ్దా', ఇంగ్లిష్ అట్ట మీద 'మాగ్దా సబో'. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి. అక్షరాల మీద గీతలు, చుక్కలు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి.

అట్టకి రెండో వైపు ఆ దేశానివి ఐదు తారీఖులు, అంతకు మించి వద్దు. హంగేరీకి నావి:

- 1867: ఆస్ట్రియాతో కలిసి ఉమ్మడి రాజ్యం
- 1920: ట్రియనాన్ ఒప్పందం, మూడింట రెండు వంతుల భూభాగం పోయింది
- 1944: మార్చిలో జర్మన్ సైన్యం ఆక్రమణ
- 1956: తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు
- 1989: ఏకపార్టీ పాలన ముగింపు

నవలలో ఎవరైనా ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే, కథ ఏ ఏడులో నడుస్తోందో అట్ట తిప్పి చూడండి. చాలాసార్లు ఆ మౌనానికి కారణం అక్కడ దొరుకుతుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

ఒకే పుస్తకం రెండుసార్లు కొనడం. నాకే జరిగింది. స్తెఫాన్ జ్వైగ్ 'ది రాయల్ గేమ్' ఇంట్లో ఉండగా ఆబిడ్స్‌లో 'చెస్ స్టోరీ' కనబడింది. కొత్త పుస్తకం దొరికిందని సంబరంగా తెచ్చుకున్నాను. బస్సులో రెండో పేజీకి వచ్చేసరికి అదే ఓడ, అదే చదరంగం చాంపియన్. హంగేరీ రచయిత ఇమ్రె కెర్తేస్ 'ఫేట్‌లెస్', 'ఫేట్‌లెస్‌నెస్' కూడా ఒకే నవలకి వచ్చిన రెండు వేర్వేరు అనువాదాల పేర్లు. అందుకే మూడో మెట్టులో మూల భాష పేరు రాసుకోమన్నాను. కొనేముందు ఆ పేరు సరిపోల్చుకోండి.

ముందుమాట ముందే చదవడం. పేరు అదే గానీ దాన్ని ఆఖర్న చదవండి. క్లాసిక్స్‌కి ముందుమాటలు రాసేవాళ్లు కథ మనకు తెలుసనుకుని ముగింపు చెప్పేస్తారు. మొదట్లో చూడాల్సింది రాసిన వాళ్ల పేరు మాత్రమే.

అనువాదం బాగాలేక రచయితను వదిలేయడం. ముప్పై పేజీలైనా నోట్లో రాయి పడ్డట్టుంటే ఇంకో అనువాదం ఉందేమో చూడండి. రెండిట్లో ఒకే పేరా పక్కపక్కన పెట్టి చదివితే పావుగంటలో తేలుతుంది. రెండూ నచ్చకపోతే అప్పుడు రచయితను వదిలేయండి, మొహమాటం అక్కర్లేదు.

మనుషుల పేర్లు కలగాపులగం కావడం. ఇరవయ్యో పేజీ దాకా వచ్చే ప్రతి పేరూ అట్ట మీద రాయండి, పక్కన రెండు మాటలు: "డాక్టరు, కుంటి", "అత్త, అబద్ధాలు". ఆ తర్వాత అట్ట అవసరం పడదు.

కొనడం ఎక్కువై చదవడం తక్కువ కావడం. దారులు తెలిశాక వచ్చే జబ్బు ఇది. నేను పెట్టుకున్న నియమం: ఒకటి పూర్తయ్యాకే నోట్‌బుక్‌లోంచి ఒకటి కొనడం. ఏడాదికి నాలుగైదు సార్లు తప్పుతుంటాను.

## 10. నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది

- పుస్తకం: స్కైలార్క్ (పచీర్తా), కొస్తొలాన్యి, 1924
- అనువాదం: రిచర్డ్ అక్సెల్, నేరుగా హంగేరియన్ నుంచి
- ముందుమాట: పేతెర్ ఎస్తెర్‌హాజి. ఈయనా నవలాకారుడే, వెతకాలి
- ఇదే రచయిత, ఇంకో అనువాదకుడు: అన్నా ఎదేష్, సిర్తెష్
- ఒక్క దృశ్యం: తండ్రి తాగి అర్ధరాత్రి ఇంటికొచ్చి, కూతురి గురించి ఎన్నాళ్లుగానో మింగిన మాట పైకి అనేయడం
- తర్వాత: అన్నా ఎదేష్. మళ్లీ పనిమనిషి కథే, సబో పక్కన పెట్టి చదవాలి